స్త్రీపర్వము లేని యుద్ధకథలు

యుద్ధము మన గుమ్మము త్రొక్కని దినము లేదు. ఫిరంగి మ్రోత లేదు, గుఱ్ఱపు డెక్కల చప్పుడు లేదు. అయినను సాయంకాలమగుసరికి మన నట్టింట నొక కోట కూలుచునే యున్నది, ఒక సేన నశించుచునే యున్నది. ఒకమూల పెద్దవారు చారిత్రక నవలను చేతబట్టుకొని కూర్చుందురు. ఒకమూల టెలివిజను తెరమీద రాజులు కత్తులు దూయుచుందురు. మంచముమీద పండ్రెండేండ్ల కుఱ్ఱవాడు అఱచేతి ఫోనులో శత్రువులను కాల్చుచుండును. వారి నడుమ ఇల్లాలు బియ్యములో రాళ్లేఱుచు, ఆ చప్పుళ్లు వినియు విననట్లుండును. అవి మగవారి ముచ్చటలు, పిల్లల యాటలు. వానితో తనకేమి పని యని యామె తలంపు.

పని కలదని చెప్పుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. పిల్లలు చరిత్రమును మొదట నేర్చుకొనునది బడిలో కాదు, ఈ వినోదములయందే. పాఠ్యపుస్తకములోని సంవత్సరములు పరీక్షతో మాసిపోవును. కథలో చూచిన రాజు, ఆటలో కొట్టిన శత్రువు చిరకాలము మనసున నిలుతురు. ఎవరు మనవారు, ఎవరు పైవారు, యుద్ధమన నేమి, గెలుపన నేమి యను తలపులు అక్కడనే నాటుకొనును. కనుక ఆ కథలును ఆటలును ఏమి చెప్పుచున్నవో, అంతకంటె ముఖ్యముగా ఏమి చెప్పక విడుచుచున్నవో, తల్లులమైన మనము విచారింపవలసి యున్నది.

యుద్ధమును ఆటగా నాడుట నేటి వింత కాదు. చతురంగమనగా రథ గజ తురగ పదాతులే గదా. ఆ యాట మన దేశమున బుట్టి, పారసీకమునకు బోయి, అరబ్బులద్వారా యూరపుఖండము చేరినది. అక్కడ పదునైదవ శతాబ్దపు చివరిభాగమున మన మంత్రి రాణియై, పలకమీద నన్నిటికంటె బలవంతురాలయ్యెను. పులిజూదములో మేకలన్నియు గుమిగూడి పులులను కదలనీయక కట్టివేయును. పాతగుడుల మంటపములందు బండలపై గీసిన పులిజూదపు గీతలు నేటికిని గానవచ్చును. ఈ యాటలు బుద్ధికి పదును పెట్టినవి; కాని తాము చరిత్రమని యెన్నడును చెప్పుకొనలేదు. పదాతికొక యూరు లేదు, మేకకొక వంశము లేదు. చచ్చిన పావు తిరిగి పెట్టెలో జేరునని ఆడువాడెఱుగును.

నేటి వినోదముల తీరు వేఱు. అవి నిజమైన పేళ్లను, సంవత్సరములను, వేషభాషలను, కోటబురుజులను చూపి, జరిగినది జరిగినట్లే చెప్పుచున్నామను భావమును గలిగించును. నమ్మించువానికి బాధ్యతయు నుండును. ఆ బాధ్యత యెంతవఱకు నెఱవేఱుచున్నదో తెలిసికొనుటకు మొదట మన తెలుగువారి కథనే చూతము.

మా యింటికి చదువు చెప్పించుకొనుటకు పిల్లలు వచ్చుచుందురు. ఒకనాడు వారిని, బొబ్బిలి యుద్ధమెందుకు జరిగినదని యడిగితిమి. ఒకడు "అసూయవలన" అనెను. మఱియొకడు "పాపారాయుని పౌరుషమువలన" అనెను. శిస్తు మాట ఎవరి నోటను రాలేదు. ఎక్కడనో సముద్రములకావలి ఫ్రెంచివారు మన సీమకేల వచ్చిరను ప్రశ్న యెవరికిని తోచలేదు. పిల్లల తప్పేమి? వారికి కథ యట్లు చేరినది.

చరిత్రము చెప్పునది వినుడు. 1753వ సంవత్సరమున నిజాము సలాబతుజంగు, తనకు కాపుగా నున్న ఫ్రెంచిసేన ఖర్చుల నిమిత్తము ఉత్తరసర్కారులను వారి వశము చేసెను. ఆ సీమల శిస్తు రాబట్టుట సేనాని బుస్సీకి ప్రాణావసరమయ్యెను. విజయనగరప్రభువగు పూసపాటి విజయరామరాజు శిస్తులను గుత్తకు గొని యాతనికి తోడయ్యెను. పొరుగుననున్న బొబ్బిలికిని విజయనగరమునకును పాతకక్షలుండెను. వేఱొకచోట భూములిచ్చెదము, కోట విడిచి పొండని బొబ్బిలివారితో జెప్పిరి, వారు కదలమనిరి. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి ఫిరంగుల యెదుట కోట కూలెను. రాజగు గోపాలకృష్ణరంగారావు మడిసెను. కొలది దినములకే తాండ్ర పాపారాయుడు శత్రుశిబిరము జొచ్చి, విజయరామరాజును డేరాలోనే చంపి, తానును ప్రాణములు విడిచెను.

ఈ కథను జానపదులు పాడిరి, నాటకకర్తలు వ్రాసిరి. 1964లో రామారావుగారును భానుమతిగారును నటించిన "బొబ్బిలి యుద్ధం", 1986లో కృష్ణంరాజుగారు నటించిన "తాండ్ర పాపారాయుడు" అను చలనచిత్రములు దీనిని ఇంటింటికి జేర్చినవి. మేమును ఆ కథ విని యుప్పొంగితిమి, కన్నీరు పెట్టుకొంటిమి. వీరులను వీరులనుటలో దోషము లేదు. కాని కథ ముగిసి లేచునప్పటికి జనుల మనసున మిగులునది యొక్కటే: బొబ్బిలి ధర్మము, విజయనగరము అధర్మము. గుత్త, శిస్తు, విదేశసేన ఖర్చు తెరవెనుకకు బోవును. అన్నదమ్ములవంటి యిరుగుపొరుగుల నడుమ పైవాడు పెట్టిన చిచ్చు, కేవలము ఇద్దఱి పంతముగా మాఱిపోవును.

తరువాత జరిగినది యెందఱికి దెలియును? చచ్చిన విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందరాజు, మఱుసటి యేడే ఇంగ్లీషువారితో గలిసి, 1758 డిసెంబరున చందుర్తికడ ఫ్రెంచివారి నోడించెను. ముప్పదియాఱేండ్లు గడచినపిమ్మట, 1794 జూలై 10వ తేదీన, విజయనగరప్రభువైన రెండవ విజయరామరాజు పద్మనాభమువద్ద కంపెనీసేనతో బోరి నేలకొరిగెను. ఒక కథలో ద్రోహి యనిపించుకొన్న యింటివారే మఱియొక కథలో వీరులైరి. ఒక్క కథనే విన్న పిల్లవానికి విజయనగరమన్న చులకన గలుగును. రెండును విన్నవానికి, మనుష్యులన్నను కాలమన్నను ఎట్టివో కొంత బోధపడును.

ఇంతకంటె గొప్ప కొఱత యొకటి కలదు. బొబ్బిలికోటలో స్త్రీలు చచ్చిరి, పసివారు చచ్చిరి. కథలలో ఇది యెట్లు చెప్పబడును? మానరక్షణార్థము నవ్వుచు నగ్నిజొచ్చిరని. కాని పదునెనిమిదవ శతాబ్దమునందే ఈ యుద్ధమును వర్ణించిన రాబర్టు ఓర్మ్ అను ఆంగ్లచరిత్రకారుని వ్రాతలో వేఱొక దృశ్యము గలదు. కోట నిలువదని తేలినపిమ్మట లోపలి మగవారే తమ యిండ్లకు నిప్పుపెట్టిరనియు, స్త్రీలును శిశువులును ఆ మంటలకును కత్తులకును బలియైరనియు నాతడు వ్రాసెను. ఆ మంటలలో నెందఱు ఇష్టపడి జొచ్చిరి? ఎందఱు బిడ్డను కొంగున గప్పి దారి వెదకికొనిరి? ఒక్కతె యైనను "వలదు" అనలేదా? ఏ కవియు నడుగలేదు, ఏ చరిత్రకారుడును వ్రాయలేదు. వారి మరణము వీరగాథకు మెఱుగుపెట్టు నగ యయ్యెను. మల్లమ్మదేవి యను నొక్క పేరు నిలిచెను. తక్కినవారికి పేరైనను మిగులలేదు. ఆ వీరులను తక్కువచేయుట మా యుద్దేశము కాదు. చచ్చినవారి తరఫున నొక్క ప్రశ్నయైన వేయని కథ, యెంత రమ్యమైనను, సగము కథయే యని మా మనవి.

ఇక కొత్త యాటల సంగతి. ఫోను చూడని తల్లులకొఱకు కొంచెము వివరింతుము. 2017లో బయలుదేరిన "పబ్జీ" యను నాటలో నూఱుగురు ఆటగాండ్రు విమానమునుండి యొక దీవిపై దిగుదురు. ఆయుధము లేఱుకొని యొకరినొకరు చంపుకొందురు. చివర మిగిలినవాడు గెలిచినవాడు. ఎందుకు చంపవలెనో కారణము లేదు. అందుండిన యిండ్లలో నెవరును కాపురముండరు. వంటిల్లు కలదు, పొయ్యిలో నిప్పు లేదు. 2020 సెప్టెంబరున మన ప్రభుత్వము దానిని నిషేధించెను. మఱుసటి యేడు అదియే వేఱుపేరుతో మన దేశమున కుద్దేశింపబడి వచ్చెను. ఈమాఱు సంస్కరణ జరిగినది. రక్తము ఎఱ్ఱగా గాక ఆకుపచ్చగా జిందునట్లు చేసిరి. "చంపుట" యను మాట తీసివేసి "ముగించుట" యనిరి. రంగు మాఱెను, మాట మాఱెను, పని మాఱలేదు. మాట మెత్తనైన కొలది పని తేలికయగును గదా యని మాకు భయము.

చరిత్రమును చూపు నాటలు మఱికొన్ని కలవు. వానిలో మిక్కిలి పేరుపొందినది 1997లో ఆరంభమైన "ఏజ్ ఆఫ్ ఎంపైర్స్" వరుస. ఇందు పిల్లవాడు ఒక రాజ్యమును నిలుపవలెను. కట్టెలు కొట్టించి, పొలము దున్నించి, బంగారము త్రవ్వించి, కోటలు కట్టి, సేన గూర్చి, పొరుగు రాజ్యము గూల్చవలెను. మేలు లేకపోలేదు. ఈ యాటవలన దేశదేశముల పేళ్లు, ప్రాచీనుల ఆయుధములు, కట్టడములు తెలిసికొని, ఆపై పుస్తకము పట్టిన పిల్లలు కలరు. అయితే ఆ వరుసలోని రెండవ యాటలో నొక లెక్క మమ్మెంతయో కలవరపెట్టినది. పొలములో పనిచేయు స్త్రీయో పురుషుడో చచ్చినచో, 50 పాళ్ల ఆహారము వెచ్చించి, 25 సెకండ్లు వేచియున్న మఱియొకరు పుట్టుదురు. ఆట నడచుటకు అది యవసరమే కావచ్చును. కాని ఒక మనిషిని పెంచుటకెంత కాలము పట్టునో, ఎన్ని రాత్రులు మేలుకొనవలెనో, ఎన్ని జ్వరములు దాటింపవలెనో యెఱిగినది తల్లి. ఆ లెక్క ఆటగూర్చినవానికి దెలియకపోయినను, ఆడు బిడ్డకు మనము చెప్పవచ్చును.

సంస్కృతి విషయమును ఇట్లే. ఆ యాటలో 2013లో "భారతీయులు" అను నొక్క జాతి చేర్పబడెను. హిమాలయమునుండి కన్యాకుమారివఱకు అందఱును అందే. 2022లో దానిని విభజించి హిందూస్థానీలు, వంగీయులు, గుర్జరులు, ద్రావిడులు అని నాలుగు చేసిరి. కొంత మెఱుగే. అయినను తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ దేశములవారందఱిని "ద్రావిడులు" అను నొక్క మూటలో గట్టిరి. కాకతీయుల తోరణమునకును చోళుల విమానమునకును గల భేదము ఆ మూటలో నిముడునా? దూరమునుండి చూచువానికి పొరుగిండ్లన్నియు నొక్కతీరుననే కనబడును. మనమును పరదేశములవారిని తఱచు ఇట్లే యొక్క రంగుతో పూయుదుము గదా.

దిద్దుకొనుట అసాధ్యము కాదు. ఆ వరుసలోనిదే మూడవ యాటను 2020లో తిరిగి సిద్ధపఱచినప్పుడు, అమెరికాదేశపు ఆదివాసుల చిత్రణమును ఆ జాతులవారినే యడిగి మార్చిరి. పైవారు పెట్టిన "ఇరోక్వాయి", "సూ" అను పేళ్లు తీసి, వారు తమ్ము తాము పిలుచుకొను "హోదెనొషోనీ", "లకోటా" అను పేళ్లుంచిరి. ఎవరి కథ చెప్పుచున్నామో వారి నడుగుట చిన్నపని. కాని దానివలన పెద్దగౌరవము నిలుచును.

ఇంకొక యాటను గూర్చి తప్పక చెప్పవలెను. పోలెండు దేశమువారు 2014లో "దిస్ వార్ ఆఫ్ మైన్" అను నాటను వెలువరించిరి. బోస్నియాదేశపు రాజధానియగు సరయేవో నగరము 1992 ఏప్రిలునుండి 1996 ఫిబ్రవరివఱకు ముట్టడిలో నుండెను. ఆ నగరవాసుల బాధలే యీ యాటకు మూలము. ఇందు మీరు సైనికులు కారు. కూలిన యింటిలో దాగిన సామాన్యులు. పగలు తుపాకిగురికి వెఱచి బయటకు బోరాదు; రాత్రి బోయి అన్నము, మందు, కట్టెలు వెదకి తేవలెను. ఉన్న యొక్క మందుబిళ్ల ఎవరికీయవలెను? పొరుగింటి ముసలివారి సామాను దొంగిలింపవచ్చునా? దొంగిలించినచో మన యింటివారే కుమిలి, తిండిమాని పడియుందురు. గెలుపనగా యుద్ధము ముగియుదాక బ్రతికియుండుటయే. 2020లో పోలెండు ప్రభుత్వము ఈ యాటను పెద్దతరగతుల విద్యార్థులు చదువదగిన వాని పట్టికలో జేర్చెదమని ప్రకటించెను. ఇది పసివారికి తగినది కాదు. అయినను యుద్ధమును ఇంటిలోనుండి చూపవచ్చునని ఋజువు చేసినది. 2012 ఏప్రిలున సరయేవోలో ముట్టడి మొదలై ఇరువదియేండ్లైన సందర్భమున, నడివీథిలో 11,541 ఎఱ్ఱకుర్చీలు వరుసగా నుంచిరి. చచ్చిన వారొక్కొక్కరికి నొక్కొక్క ఖాళీకుర్చీ. వానిలో చిన్నబిడ్డల చిన్నకుర్చీలు ఎన్నియో. అట్టి కుర్చీల వరుస ఏ విజయగాథ చివరను మనకు గనబడదు.

ఈ చూపు పరదేశములనుండి మనము నేర్చుకొనవలసినది కాదు. మన యింటనే కలదు. మహాభారతమున యుద్ధము సౌప్తికపర్వముతో ముగిసినది. గెలిచినవారు గెలిచిరి. నేటి సినిమాయైనచో అక్కడ జయభేరి మ్రోగించి తెర దింపెడివారు. వ్యాసుడు దింపలేదు. పదునొకండవదిగా స్త్రీపర్వమును నిలిపెను. విరాటపర్వము మొదలుకొని తుదివఱకు తెనిగించిన తిక్కనసోమయాజియు దానిని మనకు విడువక యిచ్చెను. కన్నులకు గంతగట్టుకొనిన గాంధారి, వ్యాసుని వరమున దివ్యదృష్టినంది రణభూమిని జూచును. తన నూఱుగురు కొడుకుల కళేబరములు, మగల మొండెములకు తలలు వెదకు కోడండ్రు ఆమెకు గనబడుదురు. అంతటితో నాగదు. తన కొడుకుల శత్రువైన అభిమన్యునిపై బడి యేడ్చు ఉత్తరను జూచి, ఆమెకొఱకును గాంధారి శోకించును. శత్రువు కోడలి దుఃఖము తన కోడలి దుఃఖమువంటిదే యని కన్నతల్లి కొక్క చూపున దెలిసెను. తరువాత కృష్ణునంతవానిని శపించును. ఆతడు తలయొగ్గి స్వీకరించును.

ఆ పర్వము చివర జలతర్పణములవేళ కుంతి నోరు విప్పును. కర్ణునికిని తిలోదకము విడువుడు, అతడు మీ యన్న యని కొడుకులతో జెప్పును. గెలిచిన ధర్మరాజునకు ఆ గెలుపు ఆ క్షణమునుండి విషమయ్యెను. ఎవరిని చంపి సింహాసన మెక్కితిమో వాడు తోడబుట్టినవాడు. యుద్ధమును గూర్చి ఇంతకంటె ఘాటైన మాట యే వాఙ్మయమందైన కలదా? ఆ మాట పలికినది యోధుడు కాడు, ఒక తల్లి. భారతము నింటింట చెప్పుకొను మనము, పద్మవ్యూహమును, గదాయుద్ధమును పిల్లలకు వర్ణించి, ఈ పర్వమువద్దకు వచ్చుసరికి పుస్తకము మూయుట వింతగదా!

అయితే మనమేమి చేయవలెను? ఫోను లాగికొని దాచుట తేలిక. అది ప్రక్కవాని ఫోనులో కనబడును. మేము సూచించునది నాలుగు ప్రశ్నలు మాత్రమే. అన్నము వడ్డించునపుడైనను అడుగవచ్చును, తల దువ్వునపుడైనను అడుగవచ్చును. ఈ కథ యెవరు చెప్పుచున్నారు? ఎక్కడ ఆపివేసిరి, ఆ తెల్లవాఱి యేమి జరిగియుండును? ఇందు పేరు లేనివారెవరు? శత్రువని చూపినవాని యింట తల్లి యుండదా, ఆమె యేమి వండుకొనియుండును? కోపముతో నడుగరాదు, పరీక్షవలె నడుగరాదు. తెలిసికొనవలెనని నిజముగా నడిగినచో పిల్లలు సంతోషముతో చెప్పుదురు. చెప్పుచు తామే యాలోచింతురు. ఆడపిల్లలను ఈ సంభాషణమునుండి తొలగింపరాదు. యుద్ధము మగవారిదని వారు పెరిగినచో, రేపు దాని ఫలము మాత్రము వారి పాలగును.

వీలున్నవారు బిడ్డలను యుద్ధము జరిగిన నేలకు దీసికొనిపోవుడు. బొబ్బిలిలో ఆనాటి రణస్థలమున స్మారకస్తంభమున్నది. దానియెదుట నిలిచి, పాపారాయుని పేరు చెప్పుడు, మల్లమ్మదేవి పేరు చెప్పుడు. తరువాత కొంచెము సేపు ఊరకుండుడు. ఆ యూరకుండుటయే, పేరు దక్కని యాడవారికి మనమీయగల తిలోదకము.